దేవుని చిత్తం ఏ చీటీలో ఉంది?

కడప నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దంది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 26 ఏళ్లు. మాది మైదుకూరు దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడాదిన్నరగా కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నాయన పసుపు, ఉల్లి వేస్తాడు. బోర్లు ఎండిపోయి అప్పులపాలయ్యాం. తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కువైట్‌లో నర్సు ఉద్యోగం ఉందని ఒక ఏజెంట్ చెప్తున్నాడు. రెండున్నర లక్షలు కట్టాలంట. రెండేళ్ల అనుభవం అడుగుతారు, తక్కువైన ఆర్నెల్లకి సర్టిఫికెట్ నేనే చూసుకుంటాలే అన్నాడు. ఇదే టైంలో నంద్యాల నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి విశ్వాసి, మంచివాడు. కువైట్ సంగతి వాళ్లకి ఇప్పుడే చెప్పొద్దని నాయన అన్నాడు. నేను 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను. కొత్త సంవత్సరం రోజు నాకొచ్చిన వాగ్దానం కార్డులో 'నేను నీకు చూపించు దేశమునకు వెళ్లుము' అని ఉంది. కానీ మా సంఘానికి వచ్చిన ఒక దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి, సముద్రం దాటితే నీకు కన్నీళ్లే అని ప్రవచించాడు. బైబిల్లో మూడు చీట్లు పెట్టి తీస్తే 'ఆగు' అని వచ్చింది. దేవుని చిత్తం తప్పిపోతే ఆయన నన్ను పక్కన పెట్టేస్తాడేమోనని భయంగా ఉంది. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆయన చిత్తం తెలుసుకునేదెట్లా? తెలిశాక అందులో నిలబడేదెట్లా?"

తల్లీ, నీ ఉత్తరంలో నువ్వు ప్రశ్నగా అడగని సంగతులు రెండున్నాయి. ముందు వాటి గురించే మాట్లాడతాను. ఒకటి, లేని ఆర్నెల్ల అనుభవానికి ఏజెంట్ సర్టిఫికెట్ పుట్టిస్తానడం. రెండోది, కువైట్ మాట అబ్బాయి వాళ్ల దగ్గర దాచడం. ఇన్ని రోజులు పస్తులుండి అడిగినా జవాబు రాలేదని నువ్వు బాధపడుతున్నావు. ఈ రెండింటికీ జవాబు నువ్వు పుట్టకముందే వచ్చేసింది. "మీరు అబద్ధమాడుట మాని ప్రతివాడును తన పొరుగువానితో సత్యమే మాటలాడవలెను" అని ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. ఈ విషయంలో నడిపింపు కోసం ఎదురుచూడాల్సింది ఏమీ లేదు. ఆ సర్టిఫికెట్ వద్దు. ఆ దాపరికం వద్దు.

ఇది నీ మీద కోపంతో అనడం లేదు. అప్పుల్లో ఉన్న ఇంటికి ఏజెంట్ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. కానీ మనలో చాలామందిమి చేసేది ఇదే. దేవుడు చెప్పనిదాన్ని కన్నీళ్లతో వెదుకుతాం, చెప్పినదాన్ని దాటుకుంటూ పోతాం. ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయం చివరి వచనం తీసి చూడు. రహస్యములు యెహోవాకు చెందును, బయలుపరచబడినవి మనవి, మన సంతతివి అని ఉంటుంది. నువ్వు కువైట్‌లో ఉంటావా నంద్యాలలో ఉంటావా అన్నది ఆయన దగ్గరున్న సంగతి. నీ చేతిలో పెట్టినది వేరే ఉంది. "మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తము" అని థెస్సలొనీక వాళ్లకి పౌలు నేరుగా రాశాడు. ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం కూడా దేవుని చిత్తమే అని అదే పత్రికలో రాశాడు. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో ఉండడం, "ఇంతేగదా యెహోవా నిన్నడుగుచున్నాడు" అన్నాడు మీకా. వీటిలో ఏ ఒక్కదానికీ పాస్‌పోర్టుతో పని లేదు. నైట్ డ్యూటీలో, మూత్రం గొట్టం మార్చేటప్పుడు, విసుక్కునే ముసలాయనతో నువ్వు మాట్లాడే తీరులో నువ్వు దేవుని చిత్తంలో ఉంటావు, లేదా ఉండవు. ఆ పని చిన్నదనుకోవద్దు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆస్పత్రి సంగతి నీకు తెలిసే ఉంటుంది. పల్పిట్ ఎక్కి ప్రసంగం చెయ్యడం ఎంత సేవో, పుండు కడిగి కట్టు కట్టడం కూడా అంతే సేవ అని మన ప్రాంతం చూసింది అలాంటి చోట్లనే.

ఇక కార్డు సంగతి. వాగ్దానం కార్డుల్ని నేను తక్కువ చేసి మాట్లాడను. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, పన్నెండు దాటగానే హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకోవడం, ఆ తర్వాత పాస్టరమ్మ గారు స్టీలు ప్లేటులో రంగురంగుల కార్డులు బోర్లించి వరసలోకి తేవడం, నిద్ర మొహాలతో ఉన్న పిల్లలు కూడా చెయ్యి చాపడం, ఇవన్నీ నాకు ప్రాణం. పోయినేటి కార్డు పక్కనే ఈ యేటి కార్డు బీరువా తలుపుకి అంటించుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఏడాది పొడుగునా ఆ వాక్యం కంటబడితే మంచిదే. కానీ ఆ మాట దేవుడు అబ్రాముతో, అంటే తర్వాత అబ్రాహాము అయినవాడితో అన్నాడు. ఆ రాత్రి మీ సంఘంలో మోకాళ్ల నొప్పులతో కూర్చున్న అవ్వకి అదే కార్డు వచ్చి ఉంటే, ఊరు విడిచి పొమ్మని ఆమెకి ఆజ్ఞ అయినట్టా? కాదు కదా. ఆ వాక్యం నుంచి నువ్వూ అవ్వా ఇద్దరూ నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎక్కడికి వెళ్లేదీ తెలియకుండానే అబ్రాహాము బయలుదేరాడని హెబ్రీ పత్రిక చెప్తుంది. అంత నమ్మకం దేవుని మీద పెట్టొచ్చు అన్నది ఆ వాక్యంలో మీ ఇద్దరికీ వాటా. వీసా తీసుకోమని కాదు.

చీట్లు వెయ్యడానికి గిద్యోనును, అపొస్తలులను చూపిస్తారు మనవాళ్లు. గిద్యోను దేవుని మాట నిజమో కాదో చూద్దామని గొర్రెబొచ్చు పరిచింది, దేవుడు యుద్ధానికి వెళ్లమని తేటగా చెప్పిన తర్వాత. అది అతని నమ్మకం తక్కువై అడిగిన సూచన. దేవుడు దయతో ఓర్చుకున్నాడు. యూదా స్థానంలోకి మత్తీయను ఎంచుకోవడానికి అపొస్తలులు చీట్లు వేసింది అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. ఆ తర్వాత సంఘం చీట్లు వేసి నిర్ణయం చేసినట్టు కొత్త నిబంధనలో ఎక్కడా కనపడదు. 15వ అధ్యాయంలో పెద్ద చిక్కు వచ్చినప్పుడు అందరూ కూర్చుని, వాదించుకుని, లేఖనం చూసి, "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరం రాశారు. మాట్లాడుకోవడం, ఆలోచించడం ఆత్మీయం కాని పని అని మనకి ఎవరు నేర్పారో గానీ, బైబిల్ మాత్రం నేర్పలేదు.

ప్రవచనం దగ్గర కొంచెం ఆగాలి. నీ నిద్ర పోగొట్టింది అదే అని నాకనిపిస్తోంది. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దు అని రాసిన పౌలే వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. పరీక్షించడం అంటే తిరుగుబాటు కాదు, అది ఆజ్ఞ. అపొస్తలుల కార్యములు 21 చదువు. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లు చేతులు కట్టుకుని, యెరూషలేములో నిన్ను ఇలాగే బంధిస్తారు అన్నాడు. అక్కడున్న వాళ్లందరూ ఏడ్చారు. వెళ్లొద్దని బతిమాలారు. పౌలు వెళ్లాడు. అగబు చెప్పింది అబద్ధం కాలేదు, పౌలును బంధించారు. అయినా పౌలు వెళ్లడం తప్పూ కాలేదు. ఆ రోజు స్నేహితులు చివరికి అన్న మాట "ప్రభువు చిత్తము జరుగునుగాక". చూశావా, కన్నీళ్లు ఉంటాయని చెప్పడం వేరు, వెళ్లొద్దని దేవుడు అనడం వేరు. సముద్రం దాటిన వాళ్లకి కన్నీళ్లు ఉంటాయని చెప్పడానికి కడప జిల్లాలో ప్రవక్త అక్కర్లేదు. రాజంపేట, రాయచోటి వైపు ఏ వీధిలోకి వెళ్లినా కువైట్‌లో తల్లి, ఇక్కడ అవ్వ దగ్గర పిల్లలు ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఆ మాటను భయంగా కాదు, జాగ్రత్తగా తీసుకో. మీ పాస్టర్ గారి దగ్గర కూర్చుని ఆ ప్రవచనం గురించి నేరుగా అడుగు. పరీక్షకు నిలబడని మాటకి నువ్వు ఏళ్ల తరబడి కట్టుబడి ఉండక్కర్లేదు.

మనసులో సమాధానం, అంటే నెమ్మది ఉంటే అదే దేవుని చిత్తం అని కూడా నీకు ఎవరో ఒకరు చెప్తారు. పూర్తిగా నమ్మొద్దు. దేవుని మాట మీరి పారిపోతున్న యోనా ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. తండ్రి చిత్తానికి తలవంచిన యేసు ప్రభువుకి గెత్సేమనేలో చెమట రక్తబిందువుల్లా కారింది. తలుపు తెరుచుకుంటే చాలు అదే నడిపింపు అనేవాళ్లూ ఉంటారు. యోనా యొప్పే రేవుకి వెళ్లేసరికి తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో టికెట్ డబ్బులూ ఉన్నాయి. తలుపు మూసుకుపోయినంత మాత్రాన దేవుడు కాదన్నాడని కూడా అనుకోకూడదు. పక్క జిల్లా అనంతపురం సంగతే చూడు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పని చేస్తుంటే 1968లో ఆయన దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మరుసటేడు తిరిగొచ్చి కరువు సీమ అనంతపురంలో కాలు పెట్టారు. 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. మన్మాడ్‌లో తలుపు మూసుకున్న రోజున ఆయనకి గానీ ఇంకెవరికి గానీ, ఆయన సంస్థ తర్వాత పెట్టిన బత్తలపల్లి ఆస్పత్రి కళ్లముందు కనపడి ఉండదు.

మరి దేనితో తేల్చుకోవాలి అంటావు. లేఖనం కాదన్నదాన్ని ముందు తీసెయ్. తీసేశాక మిగిలినవాటిలో దేవుడు నీకు స్వేచ్ఛ ఇచ్చాడు. ఈ మాట మన సంఘాల్లో ఎక్కువ వినపడదు, అందుకే ఒత్తి చెప్తున్నాను. కొరింథీ మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, భర్త చనిపోయిన స్త్రీ తనకిష్టమైనవాణ్ణి పెళ్లి చేసుకోవడానికి స్వతంత్రురాలు అంటాడు పౌలు, ప్రభువునందు మాత్రమే అయి ఉండాలి అని ఒక్క గీత గీస్తాడు. ఆ గీత లోపల "ఇష్టమైనవాడు" అనే మాట లేఖనంలోనే ఉంది. నీకోసం దేవుడు ఒకే ఒక్క చీటీ రాసి ఎక్కడో దాచిపెట్టి, నువ్వు వెతుక్కోలేకపోతే శిక్షించడానికి కాచుకుని కూర్చోలేదు. కువైట్‌లో నిజాయితీగా పని చేసుకోవడం, నంద్యాలలో విశ్వాసి ఇంట్లో కాపురం చెయ్యడం, రెండూ ఆయన చిత్తం లోపల ఉండదగినవే. ఏది ఎంచుకోవాలన్నది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమన్నాడు యాకోబు. అడిగినందుకు ఆయన గద్దించడు, ధారాళంగా ఇస్తాడు అన్నాడు.

ఆ జ్ఞానం ఎక్కువగా కాగితం, పెన్ను దగ్గర పని చేస్తుంది. గోపురం కట్టాలనుకున్నవాడు కూర్చుని ముందు తగులుబడి లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే. నాయనతో ఒక పూట కూర్చుని అప్పు ఎంతో రాయండి. బ్యాంకుది ఎంత, బయట వడ్డీకి తెచ్చింది ఎంత, నూటికి ఎంత వడ్డీ, ఏది ముందు తీర్చాలి. ఇంట్లో చాలామందికి అప్పు అంటే భయమే తప్ప అంకె తెలియదు. అంకె తెలిస్తే, నీ జీతం, తమ్ముడి చదువు అయిపోయే ఏడాది పక్కపక్కన పెట్టి చూడొచ్చు. స్వకీయులను సంరక్షించమని తిమోతి పత్రిక చెప్తుంది, నిజమే. ఆ అప్పు మొత్తం నీ ఒక్కదాని నెత్తి మీదే పెట్టమని మాత్రం అది చెప్పదు.

ఆ ఏజెంట్ సంగతి కూడా జ్ఞానంతోనే చూడు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు మన దేశంలో అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద పన్ను. రెండున్నర లక్షలు అడిగినవాడు అక్కడే పట్టుబడ్డాడు. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కువైట్ లాంటి దేశాలకి నర్సులు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 2015లో కేంద్రం ఈ నిబంధనలు గట్టి చేసి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా పంపే పద్ధతి పెట్టింది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అని, విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడ అడుగు. గల్ఫ్‌లో నర్సుల సర్టిఫికెట్లను వాటిని ఇచ్చిన ఆస్పత్రికే రాసి సరిచూసుకునే పద్ధతి ఉందని కూడా గుర్తుపెట్టుకో. దొంగ కాగితం బయటపడితే పోయేది ఏజెంటు కాదు, నీ రిజిస్ట్రేషన్, నీ పేరు.

అందుకే నా సలహా, ఇంకో ఆర్నెల్లు ఇక్కడే చెయ్యి. చీటీలో "ఆగు" అని వచ్చినందుకు కాదు, నీ అనుభవం ఆర్నెల్లు తక్కువైనందుకు. అప్పుడు రెండేళ్లు నిజంగానే పూర్తవుతాయి. ఆ లోపు సంబంధం ఒక కొలిక్కి వస్తుంది. నిజం చెప్పాక అబ్బాయి వాళ్లు వెనక్కి తగ్గితే బాధే, కానీ పెళ్లయ్యాక తెలిసి విరిగిపోయే దానికంటే తక్కువ బాధ. లేదా అతను, ఇద్దరం ఆలోచించుకుందాం అంటాడేమో. ఆ ఒక్క మాటతో అతని మనసు నీకు అర్థమవుతుంది.

తప్పు నిర్ణయం తీసుకుంటే దేవుడు పక్కన పెట్టేస్తాడా అన్నావు. ఈ భయానికి యిర్మీయా 29 కంటే మంచి మందు నాకు తెలియదు. మీ గురించి నాకున్నవి మేలు ఉద్దేశాలే గాని హాని కాదు అని దేవుడనే పదకొండో వచనం కార్డుల మీద మనందరికీ కంఠస్థం. అది ఎవరికి రాసిన ఉత్తరమో చూడు. మాట వినక, తప్పు మీద తప్పు చేసి, బబులోనుకు చెరగా పోయినవాళ్లకి. రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని హనన్యా అనే ప్రవక్త యెరూషలేములో జనానికి ఇష్టమైన మాట చెప్పాడు. అది దేవుని మాట కాలేదు. 70 సంవత్సరాలు అన్నాడు యిర్మీయా. ఆ డెబ్బై ఏళ్లూ ఏం చెయ్యాలి? ఇండ్లు కట్టుకుని వాటిలో నివసించండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి. తమ తప్పు వల్ల వెళ్లిన చోట కూడా వాళ్లకోసం దేవుని చిత్తం ఉంది. రేపు ఉదయం ఏం చెయ్యాలో అంత వివరంగా ఉంది. వాళ్లనే వదలని దేవుడు, తప్పిపోతానేమోనని ఏడుస్తున్న నిన్ను వదులుతాడా?

నిలబడడం అన్నది కూడా ఇంతే తల్లీ. ఒకసారి సరైన నిర్ణయం తీసుకుని దాని మీద నలభై ఏళ్లు కూర్చోవడం కాదు. పౌలుకి మాసిదోనియ దర్శనం వచ్చింది, వెళ్లాడు, ఫిలిప్పీలో దెబ్బలు తిని చెరసాలలో పడ్డాడు. దర్శనం తప్పేమో అని ఆ రాత్రి అతను లెక్కలు వెయ్యలేదు. సీలతో కలిసి కీర్తనలు పాడాడు. కష్టం వచ్చిన ప్రతిసారీ, దేవుని చిత్తం తప్పానేమో అని వెనక్కి తవ్వుకోవద్దు. పాపం చేశావని వాక్యం చూపిస్తే ఒప్పుకో, దిద్దుకో. లేకపోతే ఆ రోజు పని ఆ రోజు చెయ్యి. ఒంటరిగా మాత్రం ఉండొద్దు. కువైట్ వెళ్తే శుక్రవారం సెలవు, ఆరాధనలు ఎక్కువగా ఆ రోజే. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో చాలా భాషల సంఘాలు కూడుకుంటాయి, తెలుగువాళ్లూ ఉన్నారు. వెళ్లిన మొదటి వారమే వెతుక్కో. నంద్యాల వెళ్తే అత్తగారింటి సంఘంలో పెద్ద వయసు స్త్రీ ఒకరిని చూసుకుని మనసు విప్పి మాట్లాడుతుండు.

ఉపవాసాలు ఇప్పటికి ఆపు. నైట్ డ్యూటీలు చేస్తూ, నిద్ర లేకుండా, తిండి లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను అన్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. మాట తర్వాత వచ్చింది. నువ్వూ బాగా తిని నిద్రపో. నిద్ర అప్పటికీ పట్టకపోతే మీ ఆస్పత్రిలోనే డాక్టరుకి చూపించుకో. ఏజెంటుకి ఇంకా డబ్బు కట్టి ఉండకపోతే కట్టొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే ఈ వారమే తిరిగి తెచ్చుకో, ఒక్కదానివే వెళ్లకుండా తమ్ముణ్ణి తోడు తీసుకుపో. నంద్యాల వాళ్లకి విషయం నాయనే చెప్పాలి. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ఆయన ఒప్పుకోకపోతే మీ పాస్టర్ గారిని ఇంటికి పిలిచి, నాయన ముందే ఈ ఉత్తరం చదివించు.